రెండు పరుగుల నడుమ

క్రీస్తునకు పూర్వము 490వ సంవత్సరమున గ్రీసు దేశమునందలి మారథాను మైదానములో ఏథెన్సు నగరవాసులు పారశీక సైన్యము నోడించిరి. ఆ విజయవార్తను ఒక భటుడు మోసికొని ఏథెన్సు వరకు ఆగక పరుగెత్తెననియు, గెలుపు మాట చెప్పిన మరుక్షణమే ప్రాణములు విడిచెననియు ఒక గాథ కలదు. యుద్ధము జరిగిన కొన్ని శతాబ్దముల తరువాత వ్రాయబడిన గాథ యగుటచే దానిని చరిత్రగా గ్రహింప వీలులేదు. అయినను నేటి మారథాను పరుగు ఆ గాథ నుండియే పుట్టినది. ఆ కథలో చదువరులు సాధారణముగ గమనింపని విశేష మొకటి యున్నది. ఆ భటునకు రెండవ పరుగు లేదు. తన సత్తువ నంతయు ఒక్కమారే వెచ్చించి అతడు వెడలిపోయెను. నేటి పరుగు వీరునకు అట్టి వీలు లేదు. గమ్యము చేరిన మరునాడు అతడు మంచము దిగవలెను, మెట్లు దిగవలెను, కొన్ని నెలలకు మరల పందెమున నిలువవలెను. కావున అతని విద్య పరుగెత్తుటతో ముగియదు. ఒక పరుగునకును మరియొక పరుగునకును నడుమ ఎట్లు నిలువవలెనో తెలిసికొనుట కూడ అందులో భాగమే. ఈ రెండవ భాగము మొదటిదానికంటె కష్టమైనదని పలువురు వీరుల జీవితములు చెప్పుచున్నవి.

ఆధునిక ఒలింపిక్ క్రీడలు 1896లో ఏథెన్సున ప్రారంభమైనప్పుడు మారథాను పరుగును స్పిరిడాన్ లూయిస్ అను గ్రీకు యువకుడు గెలిచెను. ఆ గెలుపు తరువాత అతడు మరి యే పందెమునందును పాల్గొనలేదు. 1908లో లండనున జరిగిన క్రీడలలో ఈ పరుగు దూరము 42 కిలోమీటర్ల 195 మీటర్లుగ నుండెను. 1921లో అదియే స్థిరమైన కొలతగా నిర్ణయింపబడెను. నాటి నుండి నేటి వరకు దూరము మారలేదు. మారినది వేగము. స్పిరిడాన్ లూయిస్ సుమారు 40 కిలోమీటర్లు పరుగెత్తుటకు మూడు గంటలకు కొంచెము తక్కువ కాలము పట్టెను. 2023 అక్టోబరు 8వ తేదీన చికాగో నగరమున కెన్యా దేశస్థుడైన కెల్విన్ కిప్టమ్ పూర్తి దూరమును 2 గంటల 35 సెకనులలో ముగించెను. ఇట్టి వేగమునకు మానవ దేహము చెల్లించు మూల్య మెట్టిదో విచారింపదగియున్నది.

ఉత్తమశ్రేణి పరుగరి నిమిషమునకు ఇంచుమించు 180 అడుగులు వేయును. పందెము 2 గంటల 10 నిమిషములలో ముగిసినదనుకొనిన 23,000 అడుగులకు పైబడును. ప్రతి యడుగునందును అతని పాదము నేలను తాకినప్పుడు దేహభారమునకు రెండు మూడింతల బలము ఆ యొక్క కాలిపై పడును. ఆ బలమును ముందుగ భరించునవి తొడ కండరములు. పాదము నేలనంటినప్పుడు ఈ కండరములు బిగిసియుండియే సాగవలసి వచ్చును. బిగిసిన త్రాడును పట్టి లాగినప్పుడు దాని పోగులు తెగినట్లే, ఈ కండరములలోని సన్నని తంతువులు అచ్చటచ్చట చిట్లును. పరుగెత్తుచున్నప్పుడు ఈ సంగతి తెలియదు. మరునాడును ఆ పైనాడును నొప్పి బయలుదేరును. మారథాను ముగించిన మరునాడు మహావీరులు సైతము మెట్లు దిగలేక వెనుకకు తిరిగి, కమ్మి పట్టుకొని ఒక్కొక్క మెట్టే దిగుట కలదు. చూచువారికి నవ్వు వచ్చును, దిగువారికి రాదు.

చిట్లిన కండరముల నుండి క్రియాటిన్ కైనేజు అను పదార్థము రక్తములోనికి జారును. వైద్యులు రక్తమును పరీక్షించి, కండరములకు ఎంత చేటు కలిగినదో దీని వలన ఊహింతురు. పందెము ముగిసిన కొన్ని దినముల వరకు దీని పాలు ఎక్కువగనే యుండును. ఇంతేకాక, కండరములలోను కాలేయములోను గ్లైకోజను రూపమున నిలువయుండు శక్తి, పరుగు ముప్పది కిలోమీటర్లు దాటునప్పటికి చాల వరకు తరిగిపోవును. పరుగరులు ఈ దశను గోడ యని పిలుతురు. అంతవరకు లేడివలె సాగినవాడు ఇచ్చట కాళ్ళు ఈడ్చుకొనుచు నడచుట తరచుగ కనబడును.

అయితే యివన్నియు కంటికి కనబడు బాధలు. వీనికంటె లోతైనది ఎముకల సంగతి. ఎముక రాయి వంటిదని పలువురనుకొందురు గాని అది నిజము కాదు. ఎముక సజీవమైనది. పరుగు తాకిడికి దానిలో కంటికి కనబడని బీటలు పడును. శరీరము పాతబడిన భాగమును తొలగించి క్రొత్తదానిని పోయుచుండును. తొలగించు పని సుమారు మూడు వారములలో ముగియును. నింపు పనికి మాత్రము సుమారు మూడు నెలలు పట్టును. గోడ మరమ్మతు చేయు తాపీవాడు ముందు పాత సున్నమును గీకివేయును. ఆ దినములలో గోడ పూర్వముకంటె బలహీనముగ నుండును. ఎముక స్థితియు నట్టిదే. ఆ సమయమున మరల మరల బరువు మోపినచో బీట పెరిగి చీలికయగును. కాలి యెముకలలోను, తొడ యెముకలోను, నడుము క్రింది త్రికాస్థిలోను ఇట్టి చీలికలు దూరపు పరుగరులకు సామాన్యముగ వచ్చునవి. మడమను పిక్కతో కలుపు పెద్ద స్నాయువునకు రక్తప్రసారము తక్కువ. కావున అది దెబ్బతినినచో మానుట మరింత ఆలస్యమగును.

ఇచ్చట నొక చిక్కున్నది. అలసిన దేహములోని భాగము లన్నియు ఒకే వేగముతో కోలుకొనవు. ఊపిరి కొన్ని నిమిషములలో కుదుటపడును. మంచి ఆహారము తినినచో కండరములలోని శక్తి కొలది దినములలో మరల నిండును. నొప్పి ఒక వారములో తగ్గును. కండర తంతువులు పూర్తిగ బాగగుటకు వారములు పట్టును. ఎముకకు నెలలు పట్టును. పందెము ముగిసిన పది దినములకు పరుగరి ఉదయముననే లేచి, "నొప్పి లేదు, ఆయాసము లేదు, నేను సిద్ధముగ నున్నాను" అని తలచును. ఆ తలపు అబద్ధము కాదు. అయితే అది సగము నిజము మాత్రమే. ఊపిరితిత్తులు ఇచ్చిన అనుమతిని ఎముక ఇంకను ఇవ్వలేదు. పరుగు వీరులను పడగొట్టునది చాల మారులు ఈ సగము నిజమే.

చెకోస్లోవేకియా దేశమునకు చెందిన ఎమిల్ జటోపెక్ కథ ఈ విషయమున తలచుకొనదగినది. 1952లో హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో అతడు ఎనిమిది దినముల వ్యవధిలో 10,000 మీటర్ల పరుగును, 5,000 మీటర్ల పరుగును, మారథానును గెలిచెను. మారథాను పరుగెత్తుట అతనికి అదియే మొదటిసారి. ముగ్గురు మనుష్యులు చేయవలసిన పనిని ఒక్కడు చేసెనని లోకము వేనోళ్ళ కొనియాడెను. సాధనలో జటోపెక్ కఠినమునకు మారుపేరు. బరువైన బూట్లు తొడిగి పరుగెత్తుట, ఒక్కదినముననే 400 మీటర్ల పరుగులను పదుల కొలది వేయుట అతని యలవాటు. 1956లో మెల్బోర్ను క్రీడలకు సిద్ధపడుచు భార్యను భుజములపై నెక్కించుకొని సాధన చేయుటవలన అతనికి గిలక జబ్బు వచ్చెనని చెప్పుదురు. శస్త్రచికిత్స జరిగెను. వైద్యులు విశ్రాంతి తీసికొమ్మనిరి. అతడు త్వరలోనే సాధన ప్రారంభించి పందెమున పాల్గొని ఆరవ స్థానమున నిలిచెను. చికిత్స జరిగిన కొలది వారములకు ఆరవవాడగుట గొప్పయే. అయినను నాలుగేండ్ల క్రిందటి జటోపెక్ ఆ దినమున మైదానమున లేడు.

ఇథియోపియా దేశపు అబెబె బికిలా జీవితము ఇంకను ఆలోచింపజేయునది. అతడు ఆ దేశ చక్రవర్తి అంగరక్షక దళములో సైనికుడు. 1960 సెప్టెంబరు 10వ తేదీ సాయంకాలమున రోము నగర వీథులలో మారథాను జరిగెను. బికిలా పాదరక్షలు లేకయే పరుగెత్తి, కాగడాల వెలుగులో 2 గంటల 15 నిమిషముల 16 సెకనులలో గమ్యము చేరెను. ఇథియోపియా దేశీయులలో ఒలింపిక్ స్వర్ణపతకమును పొందిన మొదటివాడు అతడే. నాలుగేండ్ల తరువాత టోక్యో మారథాను పందెమునకు సరిగ 35 దినముల ముందు, 1964 సెప్టెంబరు 16వ తేదీన, అతనికి ఉండుకమును తొలగించు శస్త్రచికిత్స జరిగెను. అతడు పాల్గొనుటయే సందేహమని అందరు తలచిరి. అక్టోబరు 21వ తేదీన అతడు పరుగెత్తెను, గెలిచెను. 2 గంటల 12 నిమిషముల 11 సెకనులతో ప్రపంచమున అంతవరకు ఎవ్వరును చేరని వేగమును చేరెను. రెండవవాడు నాలుగు నిమిషముల వెనుక వచ్చెను. ఆ లోపల బికిలా మైదానపు పచ్చికపై పడుకొని వ్యాయామము చేయుచుండెను. రెండు ఒలింపిక్ మారథానులను గెలిచిన మొదటివాడు అతడే.

ఈ కథ విన్నవారు పట్టుదల యున్నచో ఏ గాయమైనను లెక్కలేదని తలంతురు. కథను సగమే వినినచో అట్లే తోచును. 1968లో మెక్సికో నగరమున బికిలా మూడవమారు ఒలింపిక్ మారథానున నిలిచెను. అప్పటికే అతని కాలి యెముకకు దెబ్బ తగిలియుండెను. పట్టుదల యేమియు తగ్గలేదు, కీర్తి తగ్గలేదు, అనుభవము పెరిగినది. అయినను సుమారు 17 కిలోమీటర్ల వద్ద అతడు పందెమును విడిచిపెట్టవలసి వచ్చెను. ఆ పందెమును అతని దేశస్థుడే యైన మామో వోల్డె గెలిచెను.

టోక్యోలో శస్త్రచికిత్స జరిగినవాడు గెలిచినప్పుడు మెక్సికోలో అతడే యేల ఆగవలసి వచ్చెను? రెండు గాయములు ఒక జాతివి కావు. ఉండుకము పరుగునకు సాధనము కాదు. కడుపుపై కోత మానుచున్నంత కాలము కాళ్ళకు విశ్రాంతి లభించెను. కోరి తీసికొనని ఆ విశ్రాంతి అతనికి మేలే చేసియుండవచ్చును. కాలి యెముక సంగతి వేరు. అది పరుగు భారమును మోయు స్తంభము. స్తంభము బీటలు వారినప్పుడు ఇంటి యజమాని ధైర్యము పైకప్పును నిలుపలేదు. ఏ బాధను ఓర్చుకొనవలెనో, ఏ బాధకు లోబడవలెనో తెలియుట పరుగు వీరునకు ముఖ్యమైన వివేకము. అలసట వలని బాధను ఓర్చుకొనువాడు ధీరుడు. ఎముక చెప్పు బాధను పెడచెవిని పెట్టువాడు ధీరుడు కాడు.

బికిలా జీవితము అచ్చటితో ముగియలేదు. 1969లో మోటారు ప్రమాదమున అతని నడుము క్రింది భాగము చచ్చుబడెను. ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ వైద్యశాలలో చికిత్స పొందుచు, చక్రముల కుర్చీలో కూర్చుండి విలువిద్య నేర్చి, 1970లో అచ్చటి క్రీడలలో పాల్గొనెను. 1973లో 41వ యేట మరణించెను. ప్రపంచమున అందరికంటె వేగముగ దూరము పరుగెత్తినవాడు కదలలేని స్థితిలో కూడ క్రీడాకారుడుగనే నిలిచెను. కదలకుండుటయు అతనికి ఓటమి కాలేదు.

స్త్రీలు ఒలింపిక్ మారథానున మొదటిసారి పాల్గొనినది 1984లో లాస్ ఏంజెలిస్ నగరమున. ఆ పందెమును అమెరికా దేశపు జోన్ బెనాయిట్ గెలిచెను. ఆమె దేశపు జట్టును ఎన్నుకొను పందెము అదే యేడు మే 12వ తేదీన జరిగెను. అప్పటికి 17 దినముల ముందే ఆమె మోకాలికి శస్త్రచికిత్స జరిగియుండెను. త్వరపడి సాధన ప్రారంభింపగా, బాధపడు కాలిని కాపాడుకొను యత్నములో రెండవ కాలి తొడ వెనుక కండరము పట్టివేసెను. అయినను ఆమె ఎన్నిక పందెమును గెలిచెను. ఆగస్టు 5వ తేదీన ఒలింపిక్ స్వర్ణమును గెలిచెను. ఆమె ధైర్యము మెచ్చదగినదే. అయితే ఆమె కథలో గెలుపు ప్రక్కన మరియొక సత్యమును గుర్తింపవలెను. ఒక యవయవము కుంటుపడినప్పుడు దాని భారము మరియొక యవయవముపై పడును. కొలది దినములలో అదియు చెడును. ఒకమారు గాయపడినవారికే మరల గాయము తగులు అవకాశ మెక్కువయని క్రీడావైద్యులు ముక్తకంఠముతో చెప్పుదురు.

ఇంగ్లండునకు చెందిన పౌలా రాడ్‌క్లిఫ్ ఈ రెండు సత్యములను తన దేహముననే చవిచూచినది. 2003 ఏప్రిలు 13వ తేదీన లండనులో ఆమె 2 గంటల 15 నిమిషముల 25 సెకనులలో మారథానును ముగించెను. స్త్రీలలో ఆ వేగమును 16 సంవత్సరముల వరకు ఎవ్వరును మించలేదు. 2004లో ఏథెన్సు ఒలింపిక్ క్రీడలకు రెండు వారముల ముందు ఆమె కాలికి గాయమయ్యెను. వాపును తగ్గించు మందులు వాడవలసి వచ్చెను. ఆ మందులు కడుపును చెరచుటచే తినిన యాహారము ఒంటబట్టలేదని తరువాత ఆమె చెప్పెను. ఆగస్టు 22వ తేదీన, ఎండ మండుచున్న త్రోవలో, సుమారు 36 కిలోమీటర్ల వద్ద ఆమె ఆగిపోయి దారి ప్రక్కన కూర్చుండి కన్నీరు విడిచెను. లోకమంతయు ఆ దృశ్యమును చూచెను. 77 దినముల తరువాత నవంబరు 7వ తేదీన న్యూయార్కులో ఆమెయే గెలిచెను.

2008లో మరల అట్లే జరిగెను. ఆ యేడు ఆమె తొడ యెముకలో చీలిక కనబడెను. బీజింగ్ క్రీడల నాటికి అది మానినను తగినంత సాధనకు కాలము చాలలేదు. ఆగస్టు 17వ తేదీన ఆమె నడుమ నొకమారు ఆగియు, మరల సాగి 23వ స్థానమున గమ్యము చేరెను. సరిగ 77 దినములకు, నవంబరు 2వ తేదీన, న్యూయార్కులో మరల గెలిచెను. రెండు పర్యాయములును ఆమెకు లేకపోయినది సామర్థ్యము కాదు. లేకపోయినది కాలము. ఒలింపిక్ క్రీడలు నాలుగేండ్ల కొకమారు వచ్చును. అవి ఎవరి యెముక కొరకును ఒక్క దినమైనను ఆగవు. మానవ దేహపు పంచాంగమునకును, క్రీడల పంచాంగమునకును పొంతన కుదరకపోవుటయే ఆమె దుఃఖమునకు మూలము.

ఇట్లుండగా పరుగరులు తగినంత విశ్రాంతి యేల తీసికొనరని అడుగవచ్చును. ఉత్తమశ్రేణి మారథాను వీరునకు సంవత్సరమునకు రెండు, అరుదుగ మూడు పందెములే యుండును. బహుమాన ధనము, పందెము నడుపువారిచ్చు సొమ్ము, పాదరక్షల సంస్థలతోడి యొడంబడికలు ఆ రెండు మూడు దినములపైననే ఆధారపడియుండును. ఒక పందెము తప్పినచో సగము సంవత్సరపు సంపాదన తప్పినట్లే. తూర్పు ఆఫ్రికాలోని పలువురు పరుగరుల వెనుక వారి సంపాదనపై బ్రతుకు పెద్ద కుటుంబములుండును. దేశపు జట్టులో స్థానము కొరకు పదులకొలది సమర్థులు కాచుకొని యుందురు. కాలు నొచ్చుచున్నదని చెప్పినచో ఆ స్థానము మరియొకనికి పోవును. కావున నొప్పిని దాచుట వారికి చాల తేలికగ అలవడును. విశ్రాంతిని అడ్డగించునది చాల మారులు మూర్ఖత్వము కాదు, అవసరము. వారిని తప్పుపట్టుటకు ముందు ఈ సంగతిని తలచుట న్యాయము.

ఈ యొత్తిడి నడుమ విశ్రాంతిని ఒక నియమముగ పాటించి కీర్తి గడించినవాడు కెన్యా దేశపు ఎలియుడ్ కిప్చోగె. 2016లో రియో నగరమునను, 2021లో సప్పోరో నగరమునను జరిగిన ఒలింపిక్ మారథానులను అతడు గెలిచెను. సముద్రమట్టమునకు సుమారు 2,400 మీటర్ల యెత్తుననున్న కప్తగత్ అను గ్రామములో, పాట్రిక్ సాంగ్ అను గురువు శిక్షణలో, తోడి పరుగరులతో కలిసి అతడు సాధన చేసెను. అచ్చట అందరును వంతులవారీగ ఇల్లూడ్చుట, నీరు తోడుట మున్నగు పనులు చేసికొందురు. వారమునకు 200 కిలోమీటర్లకు పైబడిన సాధన జరుగును. అయితే అందు అధికభాగము నెమ్మదియైన పరుగే. ప్రతిదినమును తన సత్తువ నంతయు ధారపోయుట అతని పద్ధతి కాదు. పందెము ముగిసినచో కొన్ని వారములు పరుగును విడిచి విశ్రమించి, తరువాత మెల్లమెల్లగ దేహమును మేల్కొలుపును. 2021 ఆగస్టు 8వ తేదీన సప్పోరోలో గెలిచిన పిమ్మట 2022 మార్చి 6వ తేదీ వరకు, అనగా ఏడు నెలలు, అతడు మరియొక మారథాను పరుగెత్తలేదు. ఆ తరువాత సెప్టెంబరు 25వ తేదీన, 37 సంవత్సరముల వయస్సున, బెర్లిను నగరములో 2 గంటల 1 నిమిషము 9 సెకనులతో తన పూర్వపు ప్రపంచ రికార్డును తానే మించెను.

ఇంత జాగ్రత్తగల వానిని కూడ కాలము విడువలేదు. 2024లో పారిస్ ఒలింపిక్ క్రీడలలో 39 యేండ్ల కిప్చోగె నడుము నొప్పిచే వెనుకబడి, 30 కిలోమీటర్లు దాటిన పిమ్మట పందెమును విడిచెను. విశ్రాంతి దేహమును కాపాడును గాని దానిని అమరము చేయదు. అయినను మొదటి మారథాను పరుగెత్తిన 2013 నుండి పదేండ్లకు పైగా అతడు అగ్రశ్రేణిలో నిలుచుటకు ఆ నియమమే ముఖ్య కారణములలో నొకటియని యెంచవచ్చును.

దీనికి ఎదురు నిలుచు ఉదాహరణమును దాచుట తగదు. జపాను దేశస్థుడైన యూకి కవౌచి 2019 వరకు ప్రభుత్వోద్యోగిగ నుండి, సెలవు దినములలో పందెములకు పోవుచుండెను. కొన్ని సంవత్సరములలో పదికి పైగా మారథానులు పరుగెత్తెను. 2 గంటల 20 నిమిషముల లోపల మారథానును ముగించుట అనునది అతడు తన జీవితమున నూరుమారులకు పైగా చేసెను. 2018 ఏప్రిలు 16వ తేదీన చలిగాలియు వానయు కలిసి కొట్టుచున్న బోస్టను వీథులలో ప్రపంచ ప్రసిద్ధుల నోడించి గెలిచెను. ఇతనిని చూచినచో విశ్రాంతి యనునది వట్టిమాట యనిపించును. కాని లెక్క చూడవలెను. ఉద్యోగము కారణముగ అతడు దినమునకు ఒక్కసారియే సాధన చేయుచుండెను. వృత్తి పరుగరులు రెండుసార్లు చేయుదురు. పందెములనే అతడు కఠిన సాధనగ వాడుకొనెను. భారము వచ్చు రూపము మారినది గాని భారమునకు హద్దు లేకపోలేదు. ఇంతేకాక అన్ని దేహములును ఒకటి కావు. ఒకనికి అమృతమైనది మరియొకనికి అజీర్ణము కావచ్చును. కోవిడ్ వ్యాధిచే ప్రపంచమంతట పందెములు పెక్కు ఆగిపోయిన 2020 గడచిన వెంటనే, 2021 ఫిబ్రవరిలో, అతడు తన జీవితములోకెల్ల వేగమైన 2 గంటల 7 నిమిషముల 27 సెకనుల పరుగును ముగించుట ఆలోచింపదగిన సంగతి.

విశ్రాంతి యనగా మంచముపై పడుకొనుట యని తలచుట పొరపాటు. అది కూడ ఒక క్రమమున సాగు పని. పందెము ముగిసిన మొదటి దినములలో నిద్రయు, నీరును, చక్కని ఆహారమును ముఖ్యములు. తక్కువ తిని యెక్కువ పరుగెత్తువారి యెముకలు బలహీనపడునని వైద్యులు తేల్చియున్నారు; 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము ఈ విషయమున హెచ్చరిక కూడ ప్రకటించెను. పిదప నడక, ఈత, సైకిలు త్రొక్కుట మున్నగు తేలిక వ్యాయామములు వచ్చును. తాకిడి లేని ఈ పనులు రక్తప్రసారమును పెంచును గాని ఎముకను బాధింపవు. ఆపైన నెమ్మది పరుగు, చిట్టచివరకు వేగము. మరల పందెము దగ్గరపడినప్పుడు రెండు మూడు వారముల ముందు నుండియే సాధనను సగము వరకు తగ్గింతురు. ఇట్లు తగ్గించినవారు నూటికి రెండు మూడు పాళ్ళు మెరుగుగ పరుగెత్తుదురని పరిశోధనలు తెలిపినవి. రెండు గంటల పరుగులో అది రెండు మూడు నిమిషములు. పందెమున స్థానములు తారుమారగుటకు అంతటి యెడము చాలును. పరుగెత్తుటచే దొరకని నిమిషములు పరుగు తగ్గించుటచే దొరకుచున్నవన్నమాట.

ఈ తగ్గింపు దినములు పరుగరికి మిక్కిలి కష్టముగ గడచును. ప్రతి యుదయమును ముప్పది కిలోమీటర్లు పరుగెత్తుటకు అలవడినవానికి పది కిలోమీటర్లతో ఆగుట నేరమువలె తోచును. ప్రత్యర్థి ఈ క్షణమున సాధన చేయుచుండునేమో యను భయము పీడించును. కాళ్ళలో లేని నొప్పులు పుట్టును. ఈ భయమును జయించుటకు కావలసినది కాళ్ళ బలము కాదు, మనోబలము. శరీరము బలపడునది సాధన వేళలో కాదు. సాధన చేసిన గాయమును విశ్రాంతి వేళలో మాన్పుకొనునప్పుడే అది పూర్వముకంటె దృఢమగును. కావున విశ్రాంతిని దొంగిలించువాడు తన సాధన ఫలమునే దొంగిలించుకొనుచున్నాడు.

పల్లెటూళ్ళలో రైతు ఈ ధర్మమును ఏ గ్రంథమును చదువకయే యెరుగును. దున్నకము ముగిసిన సాయంకాలమున కాడి దించి, యెడ్ల మెడలు నిమిరి, కాడి రాసికొనిన చోట పుండు పడినదేమో చూచును. పుండు కనబడినచో మరునాడు ఆ యెద్దును కట్టడు. పదునుపోవుచున్నదను తొందర అతనికిని ఉండును. అయినను ఒక దినపు దుక్కి కొరకు ఏడాది పొడవున పనిచేయు పశువును పోగొట్టుకొనడు. పరుగు వీరునిలో రైతును, ఎద్దును ఒక్కడే. ఆ రైతు చూపు తనపై తాను నిలుపుకొనుటయే అతనికి కష్టము.

పాఠశాలల క్రీడోత్సవములలో పాల్గొను బాలబాలికలకు ఈ సంగతులు పరాయివి కావు. పెరుగుచున్న యెముకల చివరలు పెద్దవారి యెముకలకంటె మెత్తనివి. చీలమండ నొచ్చుచున్నను జట్టు ఓడిపోవునను భయముతో కుంటుచు ఆడు బాలుడు ప్రతి యూరిలోను ఉండును. అతనిని చప్పట్లు కొట్టి ప్రోత్సహించువారును ఉందురు. వ్యాయామోపాధ్యాయునకు నిజము చెప్పి ప్రక్కన కూర్చుండుటకు మరింత ధైర్యము కావలెను. దానికి చప్పట్లు కొట్టువారు ఉండరు. చదువునందును ఇంతే. రాత్రి యంతయు మేలుకొని చదివినవాడు పరీక్ష నాటి ఉదయమున తెలిసిన విషయమునే మరచుట అందరెరిగినదే.

పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలుచుండి నీళ్ళు త్రాగుట మేలని తెలుగువారి సామెత. పరుగు వీరులు దానిని కొంచెము మార్చుకొనవలసియుందురు. వారు పాలు త్రాగవలసినవారే, అందుకు పరుగెత్తవలసినవారే. అయితే నిలుచుండు వేళ నిలుచుండి నీళ్ళు త్రాగినవారికే మరల పరుగెత్తి పాలు త్రాగు భాగ్యము కలుగును. ఎంత వేగముగ పరుగెత్తినారో గడియారము చెప్పును. ఎంతకాలము పరుగెత్తగలరో మాత్రము రెండు పరుగుల నడుమ వారు గడపిన నెమ్మది దినములే నిర్ణయించును.